కంకాళపక్షి వెతికిన దళవాయి

ఏమోయ్ మేనల్లుడూ, కాళ్ళు మంచం మీదికి లాక్కున్నావేం? నేనింకా నోరే తెరవలేదు. పోయినసారి గుహలో రాక్షసి కథ చెప్పినప్పుడు నాకేం భయం మామయ్యా అని ఛాతీ విరిచావు. ఆనక పెరట్లో చెయ్యి కడుక్కోవడానికి మీ చెల్లెల్ని తోడు తీసుకుపోయింది ఎవరో నాకు తెలియదనుకోకు. ఆ పిల్లకి ఆరేళ్ళు. అదేమో జామకాయ కొరుక్కుంటూ నిలబడింది, నువ్వేమో దాని గౌను పట్టుకుని నిలబడ్డావు. సరే, నీ పరువు తియ్యను. ఇవాళ రాక్షసి లేదు, బ్రహ్మరాక్షసుడు లేడు. ఉన్నదల్లా ఒక పక్షి. పక్షే కదా అని నవ్వుతున్నావు. నవ్వు, నవ్వు. ఎంతసేపు నవ్వుతావో నేనూ చూస్తాను.

కుసుమావతి రాజ్యంలో రాజు లేడు. ఏడేళ్ళ కిందట జనమంతా లేచి రాజునీ రాజబంధువుల్నీ ఎల్లలు దాటించారు. అప్పటినుంచి ఊరికొకరు చొప్పున నూట ఎనిమిది మంది కూర్చునే గణసభదే పెత్తనం. రాజ్యానికి సైన్యం ఉంది గానీ సేనాపతి లేడు. రోజూ తెల్లారగానే ఒక పెద్ద కాగులో సైనికులందరి గుర్తులూ ఉన్న మట్టిబిళ్ళలు పోసి, కళ్ళకు గంత కట్టిన ముసలావిడ చేత ఒక బిళ్ళ తీయిస్తారు. ఎవరి బిళ్ళ వస్తే పొద్దుగూకేదాకా వాళ్ళే దళవాయి. ఒకే మనిషి రెండు రోజులు దళవాయిగా ఉంటే మూడో రోజు కూర్చోవడానికి సింహాసనం వెతుక్కుంటాడని వాళ్ళ నమ్మకం.

దీనికి తోడు ఇంకో ఆచారం. ప్రతి పదిమందికీ ఒక ప్రశ్నకాడు ఉంటాడు. దళవాయి ఏ ఆజ్ఞ ఇచ్చినా వాడు లేచి ఎందుకని అడగాలి. జవాబు నచ్చితే పదిమందీ కదులుతారు. నచ్చకపోతే వాదన. ఎదురుగా శత్రువు బాణం ఎక్కుపెట్టి నిలబడ్డా సరే, వాదన తెగాల్సిందే.

ఆ రోజు పులినోరు కనుమ దగ్గర అటో ఇటో తేలిపోయే యుద్ధం. కనుమ దాటితే కుసుమావతి కోట వరకూ బల్లపరుపు మైదానం, ఆపేవాడు ఉండడు. రాజవంశాన్ని మళ్ళీ గద్దెనెక్కించాలని తిరగబడినవాళ్ళు పదివేలమంది కనుమకు అవతల దిగారు. ఇవతల గణసేన మూడువేలు. ముసలావిడ కాగులో చెయ్యి పెట్టింది. రోకలి గుర్తున్న బిళ్ళ తీసింది.

అది అటుకుల కోనప్పది.

కోనప్ప సైన్యానికి అటుకులు దంచే మనిషి. నలభై ఏళ్ళు వచ్చినా రోకలి తప్ప ఇంకో ఆయుధం పట్టినవాడు కాడు. పైగా తన పదిమందికి ప్రశ్నకాడు. ఏడేళ్ళలో ఏ దళవాయినీ సుఖంగా ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒక దళవాయి ఇక పడుకోండి అంటే ఎందుకని అడిగి కోడికూసేదాకా వాదించిన ఘనుడు. అలాంటివాడు ఇప్పుడు బిళ్ళను ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. రోకలి కాదేమో, గరిటేమో అన్నాడు. అక్కడున్నవాళ్ళు అది రోకలేనని చేతులెత్తి తీర్మానం చేశారు. దళవాయి గుర్తుగా వెండిపొన్ను కర్ర తెచ్చి చేతిలో పెట్టారు. వాళ్ళ కట్టుబాటు ప్రకారం పొద్దుగూకేలోగా దళవాయి చచ్చినా, కర్ర కింద పెట్టినా, ఆ రోజుకు గణసేన రణరంగం వదిలి వెళ్ళిపోవాలి. మర్నాడు కొత్త బిళ్ళ తీసేదాకా మళ్ళీ రాకూడదు. అంటే కోనప్ప తల ఆ సాయంత్రం దాకా మెడ మీద ఉంటేనే కనుమ వాళ్ళది.

ఆ సంగతి కోనప్ప కన్నా అవతలివాళ్ళకే బాగా తెలుసు.

ఇక రాజపక్షం వారి వైభవం చెప్పాలంటే నాకున్న నోరు చాలదు. ముందు వరసలో అరవై ఏనుగులు, నుదుటి మీద ఇత్తడి రేకులు, దంతాలకు ఉక్కు కుప్పెలు. వాటి వెనక గుర్రాలు, పోతపోసినట్టు ఒకే ఎత్తు, ఒకే అడుగు. ఆ వెనక కాల్బలం, ఎండలో బల్లేలు మెరుస్తుంటే పండిన జొన్నచేను ఒకేసారి తల తిప్పినట్టుండేది. అన్నిటికీ నడుమ తెల్ల ఏనుగు. దాని మీద బంగారు అంబారీ, అంబారీ మీద ముత్యాల కుచ్చుల శ్వేతచ్ఛత్రం, గొడుగు కింద పలచని తెర, తెర వెనక యువరాజు జయదంతుడు. మూడేళ్ళుగా ఆయన ముఖం ఎవరూ చూడలేదు. చూడాలని అడిగినవాడూ లేడు. రాజుగారి ముఖం చూడాలనుకోవడమే తప్పని వాళ్ళకు ఉగ్గుపాలతో నేర్పారు. తెర వెనకనుంచి ఒక మాట వస్తే పదివేలమందీ ఒక్క పాదం లేచినట్టు లేచేవారు.

తెల్ల ఏనుగు పక్కన నల్లగుర్రం మీద గరళనేత్రుడు అనే మాంత్రికుడు. కనురెప్పలకు పసరు పూసుకుని, మెడలో పాముకుబుసం వేసుకుని ఉండేవాడు. ఆయన చెయ్యి ఊపగానే నగారా మోగింది. చాటింపువాడు రెండు సైన్యాల నడుమకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"గణసేన వారు వినండహో. మీ దళవాయి పేరేదో, ఊరేదో మాకు అక్కర్లేదు. ఎవడి మాటకు సైన్యం ఎదురాడకుండా కదుల్తుందో వాడే సేనాపతి. వాడి తల తెమ్మని గరళనేత్రులవారు కంకాళపక్షికి ఆనతిచ్చినారు."

చాటింపు అయిపోయింది. గరళనేత్రుడు జీనుకు వేలాడదీసిన గోనెసంచి మూతి విప్పాడు.

ముందు ఒక ఎముక బయటికొచ్చింది. తరవాత ఇంకోటి. కట్టెలమోపు దానంతటది కట్టుకున్నట్టు ఎముకలు ఒకదానికొకటి తగులుకున్నాయి. రెక్కలున్నాయి, ఈకలు లేవు. కళ్ళున్నచోట రెండు గుంటలు, ఆ గుంటల్లో పొయ్యిలో నిప్పు ఊదినప్పటి ఎరుపు. ముక్కు మనిషి చేయంత పొడుగు. అది పైకి లేచినప్పుడు ఎముకల సందుల్లోంచి గాలి దూరి, చంటిపిల్ల దూరంగా ఎక్కడో ఏడుస్తున్నట్టు వినిపించింది. దాని నీడ ఎవరి మీద పడితే వాళ్ళ నోట్లో తడి ఆరిపోయింది. నీడ కోనప్ప మీద కూడా పడింది.

కోనప్ప చేసిన మొదటి పని పారిపోవడం. నాలుగడుగులు వేశాడో లేదో వడిసెల పోలమ్మ పైట కొంగు పట్టుకున్నట్టు ఆయన అంగవస్త్రం పట్టుకుని ఆపింది. పోలమ్మ చేలల్లో పిట్టల్ని తోలి తోలి గురి కుదిరిన మనిషి. ఆమె కింద నాలుగు వందల మంది ఆడవాళ్ళు వడిసెలలతో ఉన్నారు. వరసకు కోనప్పకు మేనత్త. పోతే పో గానీ కర్ర ఇక్కడ పెట్టి పో, అప్పుడు మేమూ పోతాం, సాయంత్రానికి రాజుగారి ఏనుగులు మా గాదెల్లో మేస్తాయి, అంది. కోనప్ప కర్ర వంక చూశాడు. పెట్టలేకపోయాడు. సరే, దాచనన్నా దాచు అత్తా అని బతిమాలాడు.

పోలమ్మ తన మూటలోంచి పాత నీలంచీర తీసి చుట్టింది. మీసాల మీదికి కొంగు కప్పింది. కర్రను వీపు వెనక చీరలోకి దోపింది. ఆడవాళ్ళ వరసలో నడుమన కూర్చోబెట్టింది. పక్కనున్న పిల్ల ఒకత్తి కొత్తకోడలు భలే బలంగా ఉందే అందట. కోనప్పకు నవ్వే ఓపిక లేదు. పక్షి అప్పటికే కనుమ మీద మూడు చుట్లు తిరిగి, ఎదురుగా రాతి మీద వాలి, తల ఒక పక్కకు వంచి చెవి పెట్టింది. దానికి చూపు కాదు ముఖ్యం, వినికిడి. ఎవరి మాటకు ఎవరు కదులుతున్నారో వింటోంది.

ఆ నిశ్శబ్దంలో రాజపక్షం బాణాలు లేచాయి.

ఆకాశం ఒక్కసారిగా గీతలు గీతలైపోయింది. కోనప్పకు ఆలోచించే వ్యవధి లేదు. కొంగు లోపలినుంచే కేడేలు ఎత్తండని అరిచాడు. చుట్టూ ఉన్న యాభై అరవై మంది భయంతో ఆచారం మరిచిపోయి ఠక్కున ఎత్తేశారు. అడిగినవాడు ఒక్కడు లేడు.

పక్షి మెడ తిరిగింది.

అది రాతి మీదనుంచి లేవడం ఎవరూ చూడలేదు. చూసేసరికి వచ్చేసింది. ముందు చలి, తరవాత ఆ ఏడుపు చప్పుడు, తరవాత ముక్కు. కోనప్ప పక్కకు దొర్లాడు గనక మెడ తప్పి భుజం దొరికింది. నీలంచీర సగం, చీరతోపాటు అరచేయంత తోలు ఊడి వచ్చాయి. పక్షి మళ్ళీ ముక్కు ఎత్తింది. కోనప్ప కళ్ళు మూసుకున్నాడు. ఇక ఆయన తల పోయినట్టే.

అప్పుడు పక్కన కేడెం కింద నక్కి ఉన్న గానుగ చింతలయ్య నోరు తెరిచాడు. చింతలయ్య ఆ పక్క పదిమందికి ప్రశ్నకాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, అయినా అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఎందుకని ఎత్తాలంట కేడెం? బాణాలు అటెక్కడో పడతన్నాయి గదా. నే దింపేస్తన్నా."

అని నిజంగానే దింపేశాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు అవును గదా అన్నారు. ఇద్దరు కాదన్నారు. వాదన మొదలైంది.

ముక్కు కోనప్ప గొంతుకు జానెడు దూరంలో ఆగిపోయింది. కళ్ళ గుంటల్లో నిప్పు ఆరి, వెలిగి, ఆరింది. పక్షి ఇటు చూసి అటు చూసింది. తప్పు ఇంట్లో దూరిన చుట్టంలాగా ఒక అడుగు వెనక్కి వేసి, లేచి, మళ్ళీ పైన తిరగడం మొదలుపెట్టింది.

అందరికన్నా ముందు పోలమ్మకు తెలిసింది. ఎదురాడకుండా మాట వినే సైన్యం ఎక్కడుంటే అక్కడే ఆ పక్షికి సేనాపతి దొరుకుతాడు. గరళనేత్రుడు పుట్టిన దగ్గరనుంచీ అలాంటి సైన్యాన్నే చూశాడు. ఇంకో రకం ఉంటుందని ఆయన ఊహకు రాలేదు. ఆమె కోనప్ప చెవిలో చెప్పింది.

"ఒరే కోనా, నీ మాట ఎవురన్నా తలూపి విన్నారా, నీ పని అయిపోయినట్టే. తిట్టించుకో. ఎంత తిట్టించుకుంటే అంత ఆయుష్షు."

ఈ సంగతి వరస వరసా పాకింది. అంతే, మూడువేల మంది ప్రశ్నకాళ్ళయిపోయారు. అప్పటికి ఏనుగులు కదిలాయి. అరవై ఏనుగులు నడిస్తే కనుమ గోడలనుంచి చిన్న చిన్న రాళ్ళు రాలుతున్నాయి. నేల వణుకు అరికాళ్ళలోంచి దవడల దాకా ఎక్కుతోంది. పైన చూస్తే పక్షి, ఎదురు చూస్తే ఏనుగులు. ఆ నడుమ కోనప్ప నెత్తురు కారే భుజం పట్టుకుని ఆజ్ఞలు ఇస్తున్నాడు, జనం కాదంటున్నారు. ఒక్కోసారి జవాబు బాగా కుదిరి నలుగురు సరేననబోయేవారు. వెంటనే పైనుంచి ఏడుపు చప్పుడు కిందికి దిగేది. ఎవరో ఒకరు గబగబా నాకు నచ్చలేదనేవారు, చప్పుడు మళ్ళీ పైకి పోయేది.

ఏనుగుల కుంభస్థలాల మీద వడిసెల రాళ్ళు విసరండి అన్నాడు కోనప్ప. ఎందుకని అడిగింది పోలమ్మ. ఈసారి ప్రాణం నిలపడానికి అడగలేదు, నిజంగానే అడిగింది. ఇత్తడి రేకు మీద రాయి పడితే ఏనుగుకు కోపం తప్ప ఇంకేమొస్తుంది? దాని బదులు తల పైకెత్తి చూడమంది. కనుమ రెండు గోడలకూ, పనసపళ్ళు వేలాడదీసినట్టు, కొండ తేనెపట్లు. లెక్కపెడితే నలభైకి తక్కువ ఉండవు. చింతలయ్య తేనెటీగలకు మనవాళ్ళు పరాయివాళ్ళు తెలియదు గదా అన్నాడు. ఇంకెవరో గొంగళ్ళు ఉన్నాయి గదా అన్నారు. చేతులెత్తించారు. ఏనుగులు నూరు బారల దూరంలో ఉండగా తీర్మానం నెగ్గింది. ఇది ఎవరి ఆజ్ఞో కంకాళపక్షికి కాదు కదా, బ్రహ్మదేవుడికి కూడా అంతుపట్టదు.

నాలుగు వందల వడిసెలలు ఒకేసారి ఝుమ్మన్నాయి. ఆ తరవాత వచ్చిన ఝుమ్మనే మోత ముందు అది ఏపాటిది?

మూడువేల మంది గొంగళ్ళు కప్పుకుని నేలకు కరుచుకున్నారు. మీద నల్లటి వాన కురిసినట్టు తేనెటీగలు. గొంగడి చిరుగున్నవాడి అరుపులు గొంగడి చిరుగున్నవాడివే. కనుమ మొదట్లో ఉన్న ఏనుగులకు మాత్రం గొంగళ్ళు లేవు. తొండాల్లో, చెవుల్లో, కళ్ళలో ఎక్కడ పడితే అక్కడ కుట్టాయి. అరవై ఏనుగులూ వెనక్కి తిరిగాయి. వెనక ఉన్నది వాళ్ళ సైన్యమే. గుర్రాల మీదా మనుషుల మీదా ఆ ఏనుగులు పరిగెత్తిన దారి ఎలా ఉందో నేను చెప్పను. నువ్వు రాత్రికి అన్నం తినాలి.

అంతటి ఊచకోతలోనూ రాజపక్షం వాళ్ళు పారిపోలేదు. తెర వెనకనుంచి నిలబడండి అన్న మాట వచ్చింది, నిలబడ్డారు. ఏనుగు మీదికొస్తున్నా నిలబడ్డారు. ఒక్కడు కూడా ఎందుకని అనలేదు.

ఇంతసేపూ గణసేన మీదే చెవి పెట్టి పైన తిరుగుతున్న పక్షి ఇప్పుడు అది విన్నది.

అది కనుమ దాటి, తేనెటీగల మబ్బును చీల్చుకుని, తిన్నగా శ్వేతచ్ఛత్రం మీదికి దిగింది. ముత్యాల కుచ్చులు తెగి వడగళ్ళలా రాలాయి. తెర చిరిగింది. పదివేలమందీ మొదటిసారి యువరాజు ముఖం చూశారు. మైనపు ముఖం. ఎండకు ముక్కు కొద్దిగా కరిగి ఉంది. జరీ అంగీ లోపల వరిగడ్డి. యువరాజు జయదంతుడు మూడేళ్ళ కిందటే అడవిలో చలిజ్వరంతో పోయాడు. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే. అంబారీ కిందినుంచి తన నోటిదాకా సన్నటి వెదురుగొట్టం పెట్టుకుని, యువరాజు గొంతుతో మాట్లాడుతూ వచ్చిన గరళనేత్రుడు.

పక్షి గడ్డిబొమ్మను వాసన చూసి వదిలేసింది. గరళనేత్రుడికి ఒళ్ళంతా చెమట. చుట్టూ నిలబడండి, దాన్ని ఆపండి అని అంగరక్షకుల్ని కేకేశాడు. నాలుగు వందల మంది ఒక్క పెట్టున, మారు మాట లేకుండా, ఆయన చుట్టూ గోడ కట్టారు.

పాపం, అదే ఆయన చేసిన ఆఖరి పొరపాటు. తన సేనాపతిని తనే పక్షికి చూపించాడు. గోడ పైనుంచి ముక్కు దిగింది. మళ్ళీ పైకి లేచినప్పుడు దాని కాళ్ళలో ఏముందో ఇటువైపు నుంచి సరిగా కనపడలేదు. పాముకుబుసం మాత్రం గాలిలో మెలికలు తిరుగుతూ కిందికి వచ్చింది.

తేనెటీగలు సర్దుకున్నాక గొంగళ్ళు ఒక్కొక్కటే లేచాయి. ముఖాలు బూరెల్లా ఉబ్బిన మూడువేల మంది అవతలికి చూశారు. రాజపక్షం అలాగే నిలబడి ఉంది. పొమ్మనేవాడు లేడు, పోరాడమనేవాడు లేడు. పదివేల జతల కళ్ళు గొడుగు కోసం వెతికాయి. గొడుగు లేదు. కళ్ళు ఇంకా వెతికాయి. కనుమ నోట్లో ఎత్తయిన రాతి మీదికి ఒక మనిషి ఎక్కుతున్నాడు. సగం చిరిగిన నీలంచీర, భుజం మీద నెత్తురు, చేతిలో వెండిపొన్ను కర్ర.

ముందు వరసలో ముసలి రౌతు ఒకడు గుర్రం దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతన్ని చూసి పక్కవాడు. గాలికి చేను వంగినట్టు పదివేలమందీ వంగారు.

"ప్రభూ, ఆనతి" అన్నాడు ముసలి రౌతు.

కోనప్ప ఒళ్ళు ఝల్లుమంది. పొద్దున్నుంచి, ఆ కేడేల మాట తప్ప, ఆయన చెప్పిన ఒక్క మాట ఒక్కడు వినలేదు. తిట్టారు, వెక్కిరించారు, చేతులెత్తి ఓడించారు. ఇదిగో, అడగకుండా వినే పదివేలమంది. ఆయన కొంగు సర్దుకుని, మీసం దువ్వుకుని, ఆయుధాలు కింద పెట్టండి అన్నాడు. పదివేల బల్లేలు ఒకే చప్పుడుతో నేల మీద పడ్డాయి. ఎంత కమ్మగా వినిపించిందో ఆ చప్పుడు. కింద పోలమ్మ మాత్రం ఆయన వంక చూడటం లేదు. ఆకాశం వంక చూస్తూ ఏదో అంటోంది. ఆయన వినిపించుకోలేదు.

గరళనేత్రుడు మోసపోయాడనీ, గడ్డిబొమ్మకు దండాలు పెట్టి పదివేలమంది మోసపోయారనీ ఇందాకటినుంచీ నవ్వుతున్నావు కదా. అసలు మోసపోయినవాడు ఆ రాతి మీద నిలబడి ఉన్నాడు.

చంటిపిల్ల ఏడుపు చప్పుడు వినిపించింది. కోనప్ప తల ఎత్తాడు. పక్షి కాళ్ళలోది వదిలేసి, మెడ ఇటు తిప్పి, చెవి పెట్టి వింటోంది.

కోనప్పకు అప్పుడు వెలిగింది. రాతి అంచుకు వచ్చి, చేతులు జోడించి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"నా మాట వినమాకండయ్యా. అడగండి. ఎవురన్నా ఎందుకని అడగండి."

పదివేలమందీ తల వంచి, ఒక్క గొంతుతో, చెప్పింది చెప్పినట్టే అడిగారు.

"ఎందుకు, ప్రభూ?"

పక్షి రెక్కలు ముడుచుకుని దిగడం మొదలుపెట్టింది.